లాన్‌డిడ్నోలో ఒక రోజు: ట్రామా, కేబుల్ కారా, గనా, కోటా?

మాంచెస్టర్, లివర్‌పూల్, బర్మింగ్‌హామ్ వైపు ఉండే మనవాళ్ళు ఉత్తర వేల్స్ తీరంలోని లాన్‌డిడ్నోకి ఎక్కువగా ఒక్క రోజు ప్రయాణంగానే వెళ్తుంటారు. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. సముద్రంలోకి చొచ్చుకుపోయిన గ్రేట్ ఓర్మ్ కొండ, దాని మీదికి 1902 నాటి ట్రామ్, కేబుల్ కారు, కొండ కడుపులో కాంస్యయుగపు రాగి గని, నాలుగు మైళ్ళ అవతల కాన్వీ కోట, ఇంకొంచెం ముందుకెళ్తే బోడ్నాంట్ తోట, ఇటువైపు కాల్విన్ బేలో జూ. రెండు బీచ్‌లూ, సముద్రంలోకి వంతెనలా కట్టిన ఒక పియర్ సరేసరి. పొద్దున పదికి చేరితే రాత్రికల్లా అన్నీ చుట్టేయొచ్చు అనిపిస్తుంది.

కుదరదు. వీటిలో ముక్కాలు భాగం ఆరుబయటివే. టికెట్ పెట్టి చూసేవేమో దాదాపు అన్నీ పొద్దున పదికి తెరిచి సాయంత్రం ఐదు, ఆరు మధ్య మూసేస్తాయి. మధ్యాహ్నం భోజనం, క్యూలు, పార్కింగ్ తీసేస్తే మీ చేతిలో మిగిలేది ఐదు గంటలు. అందులో ఓర్మ్ కొండ ఒకటి, దానికి తోడు ఇంకొకటి పడతాయి. మూడోది ఇరికించారంటే మూడింటినీ పరుగుల మీద చూసినట్టే. కాబట్టి అసలు తేల్చుకోవాల్సినవి రెండు: కొండ మీదికి ఎలా వెళ్ళాలి, రెండోదిగా ఏది పెట్టుకోవాలి. ముందు ఆ రోజు గాలి చూడండి, తర్వాత నెల, ఆ తర్వాత వెంట వచ్చేవాళ్ళ మోకాళ్ళు. టికెట్ ధర నాలుగో స్థానంలోకే వస్తుంది.

గ్రేట్ ఓర్మ్ మీదికి

కొండ ఎత్తు 207 మీటర్లే. కానీ మూడు పక్కలా సముద్రం కావడంతో పైన గాలికి అడ్డేమీ ఉండదు. కింద తీరం వెంట ఉన్న నడక బాట (ప్రొమెనాడ్) మీద టీషర్టుతో తిరిగినవాళ్ళు పైన పది నిమిషాలు నిలబడలేకపోవడం మామూలే. జూలై అయినా విండ్‌చీటర్ తప్పనిసరి. మేఘాలు లేకుండా ఉంటే పశ్చిమాన ఆంగ్లసీ ద్వీపం, దక్షిణాన స్నోడోనియా కొండలు, ఉత్తరాన సముద్రం నడుమ గ్వింట్ ఎ మోర్ గాలిమరల వరసలు కనిపిస్తాయి. మరీ తేటగా ఉన్న రోజు ఐల్ ఆఫ్ మ్యాన్ కూడా కనిపిస్తుంది. మబ్బు కొండ నెత్తిన కూర్చుని ఉంటే మాత్రం పైకెళ్ళి చూసేది తెల్లటి గోడనే. కింద నుంచే శిఖరం కనిపించకపోతే మధ్యాహ్నానికి వాయిదా వేసుకుని, రెండోదిగా పెట్టుకున్నది ముందు చూసేయండి.

పైకి నాలుగు దారులున్నాయి.

మొదటిది ట్రామ్. చర్చ్ వాక్స్ రోడ్డులోని విక్టోరియా స్టేషన్ దగ్గర ఎక్కాలి. రైల్వే స్టేషన్ నుంచి అక్కడికి నడక పదిహేను, ఇరవై నిమిషాలు. ట్రామ్‌కు తనకంటూ ఇంజన్ లేదు. కొండ మధ్యలో ఉన్న హాఫ్‌వే స్టేషన్‌లోని మోటార్లు ఉక్కు తాడును లాగుతాయి, ఆ తాడుకు రెండు ట్రామ్‌లు కట్టి ఉంటాయి. ఒకటి పైకి వెళ్తుంటే రెండోది కిందికి వస్తుంది, దిగే దాని బరువు ఎక్కే దానికి సాయం. ఉన్నది ఒకటే లైను. సరిగ్గా మధ్యలో మాత్రం పట్టాలు రెండుగా విడిపోయి మళ్ళీ కలుస్తాయి, రెండు ట్రామ్‌లూ ఒకదాన్నొకటి దాటేది అక్కడే. ఆ క్షణం కోసం కెమెరా సిద్ధంగా పెట్టుకోండి. కింది భాగంలో ట్రామ్ ఇళ్ళ మధ్య మామూలు రోడ్డు మీదే పోతుంది. తాడు కనబడదు, పట్టాల నడుమ సన్నటి గాడిలో దాగి ఉంటుంది. ఏటవాలు ఎక్కువున్న చోట ప్రతి 3.8 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతుంది. పై భాగంలో తాడు పట్టాల మధ్య చిన్న చక్రాల మీద నడుస్తూ బయటికే కనిపిస్తుంది.

రెండు భాగాలకూ తాళ్ళు వేరు, ట్రామ్‌లు వేరు. అందుకే హాఫ్‌వేలో అందరూ దిగి రెండో ట్రామ్ ఎక్కాల్సిందే. ఈ మార్పిడిని విసుగ్గా చూడకండి. తాడును లాగే యంత్రాలు స్టేషన్‌లోనే కనిపిస్తాయి, యాంత్రిక వస్తువులంటే ఇష్టపడే పిల్లలకు ట్రామ్ ప్రయాణం కన్నా అదే నచ్చుతుంది. 1958 దాకా ఈ పని ఆవిరి యంత్రాలు చేసేవి. మొత్తం దూరం దాదాపు ఒక మైలు, మార్పిడితో కలిపి ఇరవై నిమిషాలు. సీట్లు చెక్క బల్లలు. పుష్‌చైర్ అయితే మడవాలి. ఇక్కడ తలనొప్పి ఒక్కటే, క్యూ. ఎండ కాసిన శనివారం పదకొండు దాటాక విక్టోరియా స్టేషన్ ముందు వరస రోడ్డు దాకా వస్తుంది. పొద్దున మొదటి రెండు మూడు ట్రిప్పుల్లో వెళ్ళిపోతే ఆ బాధ లేదు. మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకానే నడుస్తుంది. చివరి ట్రామ్ వేళ నెలను బట్టి మారుతుంది కాబట్టి ఎక్కేముందే అడిగి తెలుసుకోండి. పైన టీ తాగుతూ అది తప్పిపోతే కొండ దిగాల్సింది కాళ్ళతోనే.

రెండోది కేబుల్ కారు. పియర్ వెనకున్న హ్యాపీ వ్యాలీ తోట నుంచి శిఖరం దాకా దాదాపు మైలు పొడవు, 1969 నుంచి నడుస్తోంది. క్యాబిన్‌కు నలుగురు. విశాఖలో కైలాసగిరి రోప్‌వే ఎక్కినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు, కాకపోతే ఇక్కడ దూరం బాగా ఎక్కువ, కింద పచ్చిక మైదానం, పక్కన పాలపిట్ట రంగు సముద్రం. దృశ్యం మట్టుకు చూస్తే ట్రామ్ కన్నా ఇదే మేలు. ట్రామ్ ఇళ్ళ మధ్య నుంచీ కొండ వీపు మీద నుంచీ వెళ్తుంది, తీరం వంపు మొత్తం ఒకేసారి కనబడేది కేబుల్ కారులోనే.

దీనితో చిక్కల్లా నమ్మకమే. గాలి కాస్త గట్టిగా వీస్తే ఆపేస్తారు. కింద ఎండ పేలిపోతున్నా పైన గాలి ఉంటే అంతే సంగతులు. పొద్దున నడిచింది మధ్యాహ్నానికి ఆగిపోవచ్చు కూడా. అందుకే రానూపోనూ టికెట్ కొనకుండా, పైకి కేబుల్ కారు, కిందికి ట్రామ్ అని ఒకవైపు టికెట్లు తీసుకోవడం మంచిది. విడివిడిగా కొంటే నాలుగు డబ్బులు ఎక్కువే అవుతాయి. కానీ రెండు అనుభవాలూ దక్కుతాయి, గాలి లేస్తే పైన చిక్కుకుపోయే భయమూ ఉండదు. ఎత్తులంటే భయపడేవాళ్ళను మొహమాటపెట్టి ఇందులో ఎక్కించకండి. నేలకు ఎంతో ఎత్తున నింపాదిగా సాగే క్యాబిన్‌లో భయం మొదలైతే మధ్యలో దిగే వీలే లేదు.

మూడోది సొంత కారులో మెరైన్ డ్రైవ్. కొండ పాదం చుట్టూ సముద్రం అంచునే తిరిగే ఈ రోడ్డు 1878 నాటిది, నాలుగైదు మైళ్ళు. కారుకు టోల్ కట్టాలి, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ ఉచితం. కార్లకు ఇది వన్ వే: పియర్ వైపున్న టోల్ గేటులో ప్రవేశించి వెస్ట్ షోర్ వైపు బయటికి రావాలి. తెలియక చాలామంది పొరపడేది ఇక్కడే. శిఖరానికి వెళ్ళే చీలిక రోడ్డు మధ్యలో ఎడమవైపు వస్తుంది, సెయింట్ టుడ్నో చర్చి మీదుగా పైకి పోతుంది. దాన్ని దాటేశారంటే వెనక్కి తిరిగే వీల్లేదు, చుట్టంతా తిరిగి మళ్ళీ మొదటికి రావాల్సిందే. ఇంకో తమాషా ఏమిటంటే సముద్రం ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. బ్రిటన్ కార్లలో కుడివైపు కూర్చునేది డ్రైవరు. అంటే మంచి దృశ్యమంతా రోడ్డు మీద కళ్ళు పెట్టాల్సిన మనిషి వైపు, పక్క సీట్లో వాళ్ళకు కొండరాయి. పెద్దవాళ్ళను వెనక సీట్లో కుడివైపు కూర్చోబెట్టండి. ఆగడానికి అక్కడక్కడా చోటు ఉంటుంది. నడవలేని అమ్మానాన్నలను తీసుకొచ్చినవాళ్ళకు నాలుగింటిలో ఇదే సరైన దారి. కారు దిగకుండానే కొండ మొత్తం చూసినట్టు అవుతుంది, నెలలతో పని లేదు.

నాలుగోది నడక. హ్యాపీ వ్యాలీ నుంచి పైకి వెళ్ళే దారిలో మొదటి ఇరవై నిమిషాలు ఆయాసం తెప్పిస్తుంది, ఆ తర్వాత పచ్చిక మీద హాయిగా సాగుతుంది. ముప్పావుగంట నుంచి గంట సరిపోతుంది. వాన పడ్డాక సున్నపురాయి నునుపెక్కి జారుతుంది, చెప్పులతో వద్దు. కశ్మీరీ జాతి మేకలు కనిపించే అవకాశం నడిచేవాళ్ళకే ఎక్కువ. విక్టోరియా రాణి కాలంలో విండ్సర్ మంద నుంచి వచ్చిన మేకల సంతతి ఇది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఊళ్ళోకి దిగి ఇళ్ళ ముందు పూలమొక్కలు మేసి ప్రపంచమంతటా వార్తల్లోకి ఎక్కినవి ఇవే. అవి ఎక్కడ ఉంటాయన్నది వాటి ఇష్టం. వాటి కోసమే కొండెక్కితే నిరాశ తప్పకపోవచ్చు.

ఎక్కడం కష్టమనుకునే కుర్రకారుకు ఒక మధ్యేమార్గం ఉంది. పైకి ట్రామ్‌లో వెళ్ళి, కిందికి హ్యాపీ వ్యాలీ మీదుగా నడిచి రావచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మాత్రం ఇది తిరగేసి చెప్పాలి, వాళ్ళకు దిగడమే కష్టం.

శిఖరం మీద కెఫే, చిన్న విజిటర్ సెంటర్ ఉన్నాయి. ఆ భవనం ఒకప్పుడు హోటలు. 1951లో షుగర్ రే రాబిన్సన్‌ను ఓడించిన ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ రాండాల్ఫ్ టర్పిన్ కొన్నాళ్ళు దాని యజమాని. భవనం కోసం ప్రత్యేకంగా గంట గడపాల్సినంత ఏమీ లేదు. టీ తాగి, చుట్టూ పావుగంట తిరిగి, దిగేయొచ్చు.

రెండోదిగా గనా, కోటా?

ఇంతకు మించి తర్జనభర్జన పెట్టే ప్రశ్న లేదు. రెండూ బాగుంటాయి, రెంటికీ రెండేసి గంటలు కావాలి.

రాగి గని హాఫ్‌వే స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో ఉంది. ట్రామ్ దిగి, గని చూసుకుని, మళ్ళీ ట్రామ్ ఎక్కొచ్చు. వేరే ప్రయాణం అక్కర్లేకపోవడమే దీని పెద్ద బలం. 1987లో బయటపడింది, 1991లో సందర్శకులకు తెరిచారు. సుమారు 3,500 నుంచి 4,000 ఏళ్ళ కిందటి తవ్వకాలు. ఇప్పటిదాకా ఐదు మైళ్ళకు పైగా సొరంగాలను కొలిచారు. ఆ కాలంలో ఇనుము లేదు. మెత్తబడిన రాతిని పశువుల ఎముకలతో గీకారు, గట్టి రాతిని నిప్పు పెట్టి పగిలేలా చేసి, సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చిన గుండ్రాళ్ళతో కొట్టారు. అలాంటి ఎముక ముక్కలు వేలల్లో దొరికాయి. కొన్ని సొరంగాలు పెద్దవాళ్ళ భుజాలు పట్టనంత ఇరుకు. వాటిని చిన్నపిల్లలే తవ్వి ఉంటారని పురావస్తు నిపుణుల అంచనా. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఈ సంగతి చెప్పి లోపలికి తీసుకెళ్తే కోటలో కన్నా ఇక్కడే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు.

ముందు చిన్న వీడియో, తర్వాత హెల్మెట్ పెట్టుకుని సొరంగాల్లో సొంతంగా నడక, చివర్లో పైన ఆరుబయట తవ్వకాల చుట్టూ ఒక చుట్టు. హెల్మెట్ ఉత్త అలంకారమేమీ కాదు, ఆరడుగుల మనిషి తల పదిసార్లైనా తగులుతుంది. మెట్లున్నాయి, నేల తడిగా ఉంటుంది, బయట ఎంత ఎండగా ఉన్నా లోపల చలి. వీపు మీద పసిపిల్లను మోసే క్యారియర్‌తో వంగి నడవడం కుదరదు. ఇరుకు చోట్లంటే ఊపిరాడనట్టు అయ్యేవాళ్ళూ, నడుము వంచలేనివాళ్ళూ లోపలికి వెళ్ళకపోవడమే మంచిది. చీర కట్టుకుని వెళ్తే కుచ్చిళ్ళు తడుస్తాయి. వాన రోజున మాత్రం ఓర్మ్ మీద ఇంతకన్నా మంచి చోటు లేదు. ట్రామ్‌లాగే దీనికీ చలికాలం సెలవే, మార్చి మధ్య నుంచి అక్టోబర్ దాకా తెరిచి ఉంటుంది.

కాన్వీ కోట దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆకాశం కిందే చూడాలి, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. వేల్స్‌ను లొంగదీసుకోవడానికి ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283 నుంచి 1287 మధ్య కట్టించాడు. నాలుగేళ్ళలో ఎనిమిది మహా బురుజులు, ఊరి చుట్టూ 1.3 కిలోమీటర్ల గోడ, ఆ గోడకు 21 బురుజులు లేచాయి. సెయింట్ జార్జ్‌కు చెందిన జేమ్స్ అనే మేస్త్రీ పర్యవేక్షణలో కట్టినదిది. 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. లోపల కప్పులు లేవు, సామాను లేదు, ఉన్నదంతా రాయి. అందుకే కోట అనగానే మహలు ఊహించుకుని వచ్చినవాళ్ళు "ఇంతేనా" అంటారు. దీని మజా బురుజులు ఎక్కడంలో ఉంది. మెట్లు మెలికలు తిరిగే ఇరుకు మెట్లు, అరిగిపోయి నడుమ గుంటలు పడ్డాయి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎదురుపడితే ఒకరు వెనక్కి వెళ్ళాలి. వాన పడితే జారతాయి. పైకెక్కకుండా కింది ఆవరణ మాత్రమే చూసి రావడానికైతే టికెట్ దండగ.

ఒక్క కిటుకు: బురుజులు ఎక్కలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే కోట టికెట్ మానేసి బయటి నుంచే చూపించండి. నది ఒడ్డు నుంచి కోట పూర్తిగా కనబడుతుంది. దాని కాళ్ళ దగ్గరే మూడు వంతెనలు పక్కపక్కన ఉన్నాయి: 1826లో థామస్ టెల్‌ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన, 1840ల చివర్లో రాబర్ట్ స్టీఫెన్సన్ కట్టిన గొట్టపు రైలు వంతెన, తర్వాతి కాలపు రోడ్డు వంతెన. కోటకన్నా ఆ మూడింటినీ చూసి ముచ్చటపడే ఇంజనీర్లు మనవాళ్ళలో తక్కువేం లేరు. ఊరి గోడ మీద నడక ఉచితం. రైల్వే స్టేషన్ వైపు నిటారుగా ఎక్కే భాగం చివర, పై మూల బురుజు నుంచి కోట, నది, ఊరి కప్పులు ఒకే చూపులో కనిపిస్తాయి. కోట లోపలికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ గోడ వదలొద్దు.

కాన్వీ రేవులో బ్రిటన్‌లోకెల్లా అతి చిన్న ఇల్లు ఉంది. వెడల్పు 1.8 మీటర్లు, ఎత్తు దాదాపు 3 మీటర్లు, ఎర్ర రంగు. 1900 దాకా ఒక ఆరడుగుల జాలరి అందులో నివసించాడు. ఒకేసారి ఇద్దరు ముగ్గురికే చోటు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. బయట ఫోటో చాలు, క్యూ మరీ పొట్టిగా ఉంటే లోపలికి వెళ్ళండి. దీనికన్నా 1576 నుంచి 1585 మధ్య కట్టిన ప్లాస్ మౌర్ ఇల్లు వెయ్యి రెట్లు నయం. రంగులద్దిన సున్నపు పనితనం, అప్పటి వంటిల్లు, అన్నీ కప్పు కిందే. కోట, ప్లాస్ మౌర్ రెండూ కాడూ అనే వేల్స్ సంస్థ చేతిలోనివి. రెండూ చూసేట్లయితే ఉమ్మడి టికెట్ గురించి కౌంటర్‌లో అడగండి.

సభ్యత్వ కార్డులున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నేషనల్ ట్రస్ట్ కార్డు కాన్వీ కోటలో చెల్లదు, బోడ్నాంట్ తోటలో చెల్లుతుంది. ఇంగ్లిష్ హెరిటేజ్ కార్డుకు కాడూ కోటల్లో మొదటి ఏడాది సగం ధర, రెన్యూ చేశాక ఉచితం. గనికి ఇవేవీ పనికిరావు.

తీర్పు చెప్పమంటే: కారు లేకపోయినా, వానగా ఉన్నా, ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలున్నా గని. చలికాలమైనా, ఒక్కసారే వేల్స్ వచ్చి మళ్ళీ రానివాళ్ళైనా కోట. అందరూ నడవగలిగి, రెండు రోజులుంటే రెండూ.

తోట, జూ

బోడ్నాంట్ తోట 80 ఎకరాలు, లాన్‌డిడ్నో నుంచి దక్షిణంగా కాన్వీ లోయలో. దీనికి ఒక్కటే నియమం: నెల చూసి వెళ్ళండి. మే చివరి వారం, జూన్ మొదటి వారం లాబర్నమ్ పందిరి పూస్తుంది. 55 మీటర్ల పొడవున రేల పూలను తలపించే పసుపు గుత్తులు తలకు తగిలేంత కిందికి వేలాడుతుంటాయి, కింద నడిచేవాళ్ళ ముఖాలు కూడా పచ్చగా కనిపిస్తాయి. ఆ రెండు మూడు వారాల్లో వస్తే కోటా గనీ రెండూ పక్కన పెట్టి ఇక్కడికే రండి, అదీ తెరిచే వేళకే. పదకొండు దాటితే పందిరి కింద మనుషులు తప్ప పూలు కనబడవు. చెట్టు విషపూరితం, గింజలు మరీను. రాలిన గుత్తులు పిల్లల నోటికి పోకుండా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్‌లు, అక్టోబర్‌లో ఆకుల రంగులు బాగుంటాయి. మిగతా రోజుల్లో మంచి తోటే, కానీ ఒక్క రోజు ప్రయాణంలో దీనికోసం ఓర్మ్ వదులుకోవాల్సినంత కాదు. వాలు మీద అంతస్తులుగా పరిచిన తోట ఇది, పై అంతస్తుల మీద పుష్‌చైర్, చక్రాల కుర్చీ తిరుగుతాయి. డెల్ అనే కింది లోయలోకి దిగితే మళ్ళీ ఎక్కాలి, ఆ ఏటవాలు చూసుకోండి.

కాల్విన్ బేలోని వెల్ష్ మౌంటెన్ జూ 1963 నుంచి ఉంది. మంచు చిరుత, ఎర్ర పాండా, సీ లయన్లు, పెంగ్విన్‌లు చూడొచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలుంటే తప్ప దీన్ని ఎంచుకోవద్దు. పెద్ద జూ కావాలంటే దారిలోనే చెస్టర్ ఉంది. కొండవాలు మీద కట్టారు కాబట్టి పుష్‌చైర్ తోసేవాళ్ళకు చేతులు నొప్పెడతాయి.

రెండు బీచ్‌లు, ఒక పియర్

నార్త్ షోర్ అంటే హోటళ్ళ వరస ముందున్న పెద్ద వంపు. ప్రొమెనాడ్ చదునుగా, వెడల్పుగా ఉంటుంది, చక్రాల కుర్చీకి ఇంతకన్నా సుఖమైన చోటు ఈ తీరంలో లేదు. కానీ బీచ్ మాత్రం గులకరాళ్ళు. ఆటు సమయంలో నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళినప్పుడే ఇసుక తేలుతుంది. వెస్ట్ షోర్ ఊరికి అవతలివైపు: ఇసుక, తక్కువ జనం, సూర్యాస్తమయం. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే అక్కడికే.

అయితే ఇక్కడ ఆటుపోట్లు బంగాళాఖాతం లెక్కల్లో ఉండవు. పెద్ద పోటు రోజుల్లో నీటి మట్టం దాదాపు 7 మీటర్లు లేచి పడుతుంది. ఆటులో వెస్ట్ షోర్ ఇసుక కనుచూపు మేర కనిపిస్తుంది, జనం నడుచుకుంటూ దూరం వెళ్ళిపోతారు. తిరిగి నీరొచ్చేటప్పుడు ఎదురుగా రాదు, వెనకనున్న పల్లపు కాలువలను ముందు నింపుతుంది. ముందు పొడి ఇసుకే ఉంది కదా అనుకునేలోపు ఒడ్డుకూ మీకూ మధ్య నీళ్ళుంటాయి. బయల్దేరే ముందు లాన్‌డిడ్నో టైడ్ టైమ్స్ చూసుకుని, నీరు తిరుగుముఖం పట్టక ముందే ఒడ్డు చేరండి. ఆగస్టులో కూడా నీళ్ళు చల్లగా, 16 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

1877 నాటి పియర్ 700 మీటర్లు, వేల్స్‌లో ఇదే పొడవైనది. కొట్లు, ఆటల యంత్రాలు, చివర గాలి. సాయంత్రం మిగిలిన అరగంటకు సరిగ్గా సరిపోతుంది, మధ్యాహ్నపు మంచి వేళను దీనికి పెట్టకండి. ప్రొమెనాడ్ మీద పంచ్ అండ్ జూడీ బొమ్మలాట 1860 నుంచి ఒకే కుటుంబం ఆడిస్తోంది, సెలవుల్లో పిల్లలుంటే ఆగి చూడండి.

సీగల్ పక్షులతో మాత్రం జాగ్రత్త. ఇవి వెనక నుంచి, భుజం మీదుగా వస్తాయి. చేతిలో చిప్స్ పొట్లం విప్పి నిలబడితే ఒక పక్షి లాక్కుంటుంది, కింద పడ్డదాని కోసం ఇరవై దిగుతాయి. పులిహోర డబ్బా తెచ్చుకున్నా గోడకు వీపు ఆనించి కూర్చుని తినండి. శాకాహారులు ఫిష్ అండ్ చిప్స్ కొట్లో చిప్స్ కొనేముందు ఏ కొవ్వులో వేయిస్తారో అడగాలి, కొన్నిచోట్ల బీఫ్ డ్రిప్పింగ్ వాడతారు. చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ వేసే కొట్లూ ఉన్నాయి.

స్నోడన్ రైలు కూడా కలపొచ్చా?

వద్దు. వేల్స్‌లోకెల్లా ఎత్తైన స్నోడన్ కొండ మీదికి ఆ రైలు బయల్దేరే లాన్‌బెరిస్ దాకా కారులో దాదాపు గంట, రైలు రానూపోనూ రెండున్నర గంటలు, సీట్లు ముందే బుక్ చేసుకోవాలి. గాలి ఎక్కువైతే శిఖరం దాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆపేస్తారు. దానికి వేరే రోజు పెట్టుకోండి. కొండలు చూడాలనే కోరిక ఉంటే లాన్‌డిడ్నో స్టేషన్ నుంచే కాన్వీ వ్యాలీ లైన్ రైలెక్కి బెటూస్-ఎ-కోయిడ్ దాకా వెళ్ళి రావచ్చు, నది వెంట అందమైన దారి. రోజుకు కొన్ని రైళ్ళే, ఒకటి తప్పితే రెండు మూడు గంటలు కూర్చోవాలి. వరదలకు ఈ లైను తరచూ మూతపడుతుంది. 2019లో మార్చి నుంచి జూలై దాకా నడవలేదు. కాబట్టి కుండపోత తర్వాతి రోజు బస్సు పెట్టారేమో చూసుకోండి.

ఎవరికి ఏది

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కారులో: పొద్దున మెరైన్ డ్రైవ్ మీదుగా శిఖరం, మధ్యాహ్నం కాన్వీ రేవు, ప్లాస్ మౌర్ కింది గదులు, సాయంత్రం ప్రొమెనాడ్. అమ్మకు ట్రామ్ సరదా ఉంటే హాఫ్‌వే దాకా చాలు.

బడి పిల్లలతో: మొదటి ట్రామ్, హాఫ్‌వేలో గని, తర్వాత శిఖరం, గాలి లేకపోతే కేబుల్ కారులో దిగడం, ఆపై బొమ్మలాట. కోట మాటెత్తకండి, ఆ పాటికి వాళ్ళ కాళ్ళు అయిపోతాయి.

కారు లేని విద్యార్థులకు దాదాపు ఖర్చు లేని రోజు కావాలంటే: హ్యాపీ వ్యాలీ మీదుగా నడిచి శిఖరం, దిగి బస్సులో కాన్వీ, ఊరి గోడ మీద చుట్టు, అక్కడి నుంచే రైలు. బస్సు, రైలు ఛార్జీలు పోగా కోట టికెట్ ఒక్కటే ఖర్చు, అదీ మీ ఇష్టం.

పుష్‌చైర్‌లో పాప ఉంటే: బోడ్నాంట్ పై అంతస్తులు, వెస్ట్ షోర్. గని, కోట, జూ మూడూ చేతుల మీద మోయించేవే.

నవంబర్ నుంచి మార్చి మధ్య దాకా ట్రామ్, గని ఉండవు, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడొచ్చు. అప్పుడు కోట ముందు, వెలుతురు ఉండగా మెరైన్ డ్రైవ్ తర్వాత. రోజంతా వాన అయితే ప్లాస్ మౌర్ తెరిచి ఉందో చూసుకుని వెళ్ళండి. ఊళ్ళోనే మోస్టిన్ గ్యాలరీ ఉంది, ప్రవేశం ఉచితం. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఇళ్ళ జీవితం చూపించే హోమ్ ఫ్రంట్ మ్యూజియం కూడా, తెరిచి ఉంటే, గంటసేపు కాలక్షేపం.

మే మొదటి సోమవారం సెలవు వారాంతంలో విక్టోరియన్ ఎక్స్‌ట్రావగాంజా జరుగుతుంది. ఆవిరి యంత్రాల ఊరేగింపు, పాతకాలపు వేషాలు, జాతర. అది చూడటానికే వస్తే సరే. ట్రామ్, గని చూద్దామని వచ్చేవాళ్ళు ఆ మూడు రోజులు తప్పించుకోండి, రోడ్లు మూసేస్తారు, పార్కింగ్ దొరకదు.

మాంచెస్టర్ నుంచి లాన్‌డిడ్నోకి నేరుగా రైళ్ళున్నాయి. లండన్ యూస్టన్ నుంచైతే లాన్‌డిడ్నో జంక్షన్ దాకా సుమారు మూడు గంటలు, అక్కడ చిన్న రైలు మారాలి. జంక్షనూ ఊరూ ఒకటే అనుకుని అక్కడే బయటికి నడవకండి, మధ్య మూడు మైళ్ళు ఉంది. ఆదివారం రైళ్ళు తక్కువ. కారులో ఏ55 మీద 19వ జంక్షన్ దగ్గర ఏ470లోకి తిరగాలి. శనివారం పొద్దున చెస్టర్ దాటాక ఏ55 నత్తనడక నడుస్తుంది, ఎనిమిదికల్లా ఆ భాగం దాటేలా చూసుకోండి. 2023 సెప్టెంబర్ నుంచి వేల్స్‌లో ఇళ్ళ మధ్య రోడ్లకు మామూలు వేగ పరిమితి గంటకు 20 మైళ్ళు. ఇంగ్లండ్ అలవాటులో 30 మీద పోతే కెమెరా పట్టుకుంటుంది, జరిమానా నోటీసు ఇంటికి వస్తుంది.